పడుగు చివర నిలబడే మనిషి

పింఛను తీసుకునేవాళ్ళం ఏడాదికోసారి బతికే ఉన్నామని చెప్పుకోవాలి. ఈసారి నేను వెళ్ళినప్పుడు యంత్రం నా బొటనవేలిని ఒప్పుకోలేదు. తుడిచి పెట్టాను, తడిచేసి పెట్టాను. "తాతా, నీ బొటనేలు గీతలు అరిగిపోయినాయి. వేరే వేలు పెట్టు" అంది అక్కడ కూర్చున్న అమ్మాయి. చూపుడువేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. పని అయిపోయినా నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. బొటనవేలు రాని చోట ఇంకో వేలు అడగాలని నాకు నేర్పిన మనిషి చనిపోయి అప్పటికి మూడు వారాలే అయింది.

అతని పేరు రాయను. వీధి పెట్టిన పేరు కూడా రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చి రాస్తున్నాను. ఆ ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంది. చెప్పాల్సినవాళ్ళకు చెప్పాల్సిన సమయంలో చెప్పడం వేరు, అచ్చులో వేయడం వేరు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగానో కింద రాస్తాను.

నా ఉద్యోగం ఆదోనిలో, రిజిస్ట్రారు ఆఫీసులో. కాపురం ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. తెల్లవారగానే సైకిలు మీద బస్టాండుకు బయలుదేరేవాణ్ణి. ఆ వేళకే వీధిలో పడుగు చాచి ఉండేది. మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు పొడవాటి కుంచెతో దువ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ చివర గుంజ. ఈ చివర అతను. పడుగు తాడును నడుముకు ఒక చుట్టు చుట్టి, మిగిలినదాన్ని రెండు పిడికిళ్ళలో పట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడేవాడు. పడుగు ఆరేదాకా, అంటే రెండు గంటలైనా, ఆ తాడు వేలెడు సడలేది కాదు.

అతని బొటనవేళ్ళు రెండూ పుట్టుకతోనే అరచేతిలోకి మడిచి ఉండేవి. వాటి మీద మిగిలిన నాలుగేసి వేళ్ళు తలుపు వేసినట్టు వాలి ఉండేవి. నడిస్తే పాదాలు నేలను రాసుకునేవి. మాట ఆలస్యం. ఒక ప్రశ్న అడిగితే అది లోపల ఎక్కడో తిరిగి వచ్చినట్టు, మనం వేరే మాటలోకి వెళ్ళాక జవాబు వచ్చేది. ముప్పై ఏళ్ళ వయసులో అంకెలు ఐదుదాకా వచ్చు. తెగిన పోగును అతకడం బొటనవేలూ చూపుడువేలూ కలిసి చేసే పని కాబట్టి, అతనికి మగ్గం రాలేదు. కానీ వేల పోగుల్లో ఒకటి తెగితే ముందు చూసేది అతనే. "పోగు" అనేవాడు. ఎక్కడో చెప్పడు. అతని చూపు ఎటు ఉందో చూసి దువ్వేవాళ్ళు వెతుక్కునేవాళ్ళు. అక్కడే ఉండేది.

పడుగు చాచి ఉన్నప్పుడు దాన్ని ఎవరూ దాటకూడదు. వీధి మొగ నుంచి ఎవరు వచ్చినా అతను గడ్డం ఎత్తి "నూలు" అనేవాడు. నేను సైకిలు దిగి పక్క సందులోంచి తిప్పుకునేవాణ్ణి. ఒకరోజు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. డ్రైవరు హారను కొట్టి కొట్టి, తల బయటపెట్టి, "ఏమప్పా, రోడ్డేమన్నా మీ నాయనదా?" అని అరిచాడు. అతను ఆలోచించాడు. కుంచె వాళ్ళు నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. "నూలుది" అన్నాడు. డ్రైవరు ఇంజను ఆపి, బీడీ ముట్టించుకుని, పడుగు ఆరేదాకా కూర్చున్నాడు.

మగ్గాల వాళ్ళు అతన్ని ఆటపట్టించేవాళ్ళు. "ఏమప్పా, పెండ్లి ఎప్పుడు జేసుకుంటావు?"

"నూలు అయిపోనీ."

"నూలు యాడ అయిపోతాది రా?"

అందుకు అతను అందరికంటే ఎక్కువసేపు నవ్వేవాడు. ఆ జవాబు తెలిసి చెప్పేవాడో, తెలియక చెప్పేవాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చేవాడు. నేను డైరీ రాసే సమయం అది. మెట్టు మీద కూర్చుని కలాన్నే చూసేవాడు.

"ఏం రాస్తాండావు సారూ?"

"ఈరోజు ఏమైందో రాస్తున్నా."

"ఏమైంది?"

"ఏమీ కాలేదప్పా."

కాసేపటికి, "మరి యాల రాస్తాండావు?" అనేవాడు. మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. ఆవిడకూ నేను సరైన జవాబు ఇవ్వలేదు.

వికలాంగుల పింఛనుకు అతని దరఖాస్తు రాసింది నేనే. వేలిముద్ర కోసం మా అరుగు మీదే సిరా బిళ్ళ పెట్టాను. నా జీవితమంతా ఎడమ బొటనవేళ్ళు పట్టుకుని అద్దించిన మనిషిని. రైతువి, బేల్దారివి, కాన్పయిన మర్నాడు వచ్చిన బాలింతరాలివి. ఒత్తకుండా, జరపకుండా ఒక్కసారి దొర్లిస్తే ముద్ర చెరగదు. అతని చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ళూ విప్పాను. బొటనవేలు రాలేదు. కొద్దిగా లాగాను. ఇంకొంచెం లాగాను. కాగితంలో "ఎడమ బొటనవేలు" అని అచ్చై ఉంది. నాకు అదే కావాలి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి అన్నాడు:

"పెరకొద్దు సారూ. అది నిద్దరపోతాంది."

చూపుడువేలు అద్దించి, బొటనవేలు ఎందుకు కాదో పక్కన రెండు వాక్యాలు రాశాను. కాగితం ఎవరూ తిప్పి పంపలేదు. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకున్నాను గానీ, లాగిన సంగతి రాయలేదు.

అతని చెల్లెలు సరోజకు పెళ్ళి ఈడు వచ్చింది. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి కౌతాళంలో మేనత్త కొడుకు. రెండోది ఆదోనిలో, దూదిమిల్లులో పనిచేసే నాగరాజు. వాళ్ళూ ఒకప్పుడు మగ్గాల వాళ్ళే, కులం ఒకటే, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. ఎటు చేయాలో తేల్చుకోలేక తల్లి మా ఇంటికి వచ్చింది. అతనూ వెంట వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చినారు సారూ. మేనరికం జేసుకుంటే ఇట్లే పుడతారని ఆస్పత్రిలో నర్సమ్మ జెప్పింది. వీణ్ణెత్తుకోని ఏటేటా దేవరగట్టుకు పోయి మొక్కుకొస్తి. ఏం గాలే."

"అయితే ఆలోచన ఎందుకమ్మా? బయట సంబంధమే చేయండి. బిడ్డలు బాగుంటారు" అన్నాను.

ఆమె కొంగు చివర మెలి తిప్పుతూ కూర్చుంది. "మా తమ్ముడు గూడా ఇట్లే ఉండె. పద్నాలుగేండ్లకు పోయినాడు. ఆ మాట వాళ్ళకు సెప్పాల్నా?"

మెట్టు మీద నుంచి అతను "మామ" అన్నాడు. రెండు పిడికిళ్ళూ ఎత్తి చూపించాడు.

"అవున్రా, మీ మామయి గూడా అట్లే ఉండె" అంది తల్లి.

"ఆ మాట ఎత్తొద్దమ్మా. రక్తం కలవని సంబంధం. దానికీ దీనికీ ఏమీ లేదు" అన్నాను. ఆఫీసులో చెప్పినట్టు, గట్టిగా, అనుమానం లేకుండా చెప్పాను. ఆమె ఊరట పడింది. పెళ్ళి చూపులు మా ఇంట్లోనే జరిగాయి. అతని చేతుల సంగతి వాళ్ళు అడిగితే, మేనరికం వల్ల అని చెప్పాం.

మొదటి కాన్పు ఆడపిల్ల. చక్కగా ఉంది. రెండోది మగపిల్లవాడు, ఆదోనిలోనే పుట్టాడు. తొట్టెలలో వేసే రోజు తల్లీ, అతనూ, నేనూ ఒకే బస్సులో వెళ్ళాం. పసిపిల్లలందరూ పిడికిలి బిగించే ఉంటారు కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తొంగి చూసి వేలు అందిస్తున్నారు. అతని వంతు వచ్చింది. తొట్టెల మీదికి వంగి, బిడ్డ పిడికిలిలోకి తన చిటికెనవేలు దూర్చి, లోపల ఏదో వెతికినట్టు ఆగాడు. తలెత్తాడు. అంత సంతోషం అతని ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు.

"నా చెయ్యి" అన్నాడు.

నాగరాజు తల్లి కుంకుమ పళ్ళెం పట్టుకుని పక్కనే ఉంది. "ఏమంటాండాడు వదినా?"

"ఏం లేదు వదినా. మేనల్లుణ్ణి జూసి సంబరపడతాండాడు" అంది ఇతని తల్లి. చెప్తూనే బిడ్డ చెయ్యి మీదికి గుడ్డ లాగింది.

నాలుగు నెలలు గడిచినా బిడ్డ బొటనవేళ్ళు బయటికి రాలేదు. నాగరాజు తల్లి ఒక మాట అనలేదు, కేకలు వేయలేదు. కోడలికి చీర పెట్టి, ఇద్దరు పిల్లలతో బస్సెక్కించింది. "పిల్లోని చెయ్యి బాగయినాంక రా" అంది. బాగు కాకపోతే ఏమిటన్నది ఆమె చెప్పలేదు, సరోజ అడగలేదు. నాగరాజు ఆ నెలంతా రాలేదు. తర్వాత రెండు నెలలూ రాలేదు.

నేను అప్పటికి రిటైరయ్యాను. సరోజనూ, తల్లినీ, బిడ్డనూ కర్నూలు పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళాను. అతను ఎవరూ పిలవకుండానే బస్సెక్కాడు. పిల్లల డాక్టరు వయసులో చిన్నవాడు. బిడ్డను చూశాడు, అతన్ని చూశాడు, అతని చేత నాలుగడుగులు నడిపించాడు. ఒక కాగితం తీసి తల్లిని అడగడం మొదలుపెట్టాడు. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం గీస్తున్నాడు.

"మీ తమ్ముడికీ ఇలాగే ఉండేదా? మీ అమ్మా నాన్నలది మేనరికమా?"

"కాదు సార్. మా యమ్మది తుంగభద్ర అవతల. సుట్టమే గాదు. మా ఇంటికొచ్చినాంకనే తెలుగు నేర్చింది."

"మరి మేనరికం లేకుండానే మీ తమ్ముడికి వచ్చింది కదమ్మా" అన్నాడు డాక్టరు, కలం ఆపకుండా.

నా చేతిలో సంచీ ఉంది. అందులో, పాత సంగతులు అడుగుతారేమోనని తెచ్చిన రెండు డైరీ పుస్తకాలు ఉన్నాయి. ఆమె తల్లి పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళి, ఆ ముసలామె కన్నడ దేశం నుంచి వచ్చిన బయటి పిల్ల అని నేనే రాసుకున్నాను. తమ్ముడి సంగతి కూడా నేనే రాసుకున్నాను. రెండు పుటలకూ మధ్య పదిహేడు రోజులు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే, మేనరికం మాట తప్పు అని పదో తరగతి పిల్లవాడికైనా తెలిసేది. నేను రోజూ రాశాను. వెనక్కి తిప్పి చూడలేదు.

డాక్టరు మెల్లగా, రెండుసార్లు చెప్పాడు. ఇది తల్లి ద్వారా మగపిల్లలకు వచ్చేది. తల్లికి పైకి ఏమీ కనిపించదు. ఈ లోపాన్ని ఒంట్లో మోసే తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకూ ఇది వచ్చేందుకు సగం అవకాశం. మొగుడు చుట్టమైనా, పరాయివాడైనా లెక్క ఒకటే. ఆడపిల్ల కూడా తల్లిలాగే మోస్తూ ఉండవచ్చు. పెద్దయ్యాక పరీక్ష చేయించి, ఆమెకు తప్పక చెప్పాలి. ఇక బిడ్డ సంగతి. మాట, నడక ఆలస్యమవుతాయి, నేర్పితే వస్తాయి. వేళ్ళు మాత్రం ఇప్పుడే మొదలుపెడితే కొంత విచ్చుకుంటాయి. రోజుకు రెండుసార్లు మెల్లగా సాగదీసి, మెత్తటి పట్టీ కట్టాలి. నెలల తరబడి, ఒక్కరోజు మానకుండా. అప్పటికీ రాకపోతే ఆపరేషన్.

ఇంటికి వచ్చాక కట్టడం ఎవరివల్లా కాలేదు. సరోజ చెయ్యి వేయగానే బిడ్డ కేకలు పెట్టేవాడు, ఆమె వదిలేసేది. అమ్మమ్మ కట్టిన పట్టీ జారిపోయేది. మూడోరోజు అతను బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. అతను బొటనవేలిని లాగలేదు. ముందు నాలుగు వేళ్ళనూ ఒక్కొక్కటే లేపాడు. తన వేలి పక్కభాగాన్ని బిడ్డ బొటనవేలి మొదట్లో ఆనించి ఊరికే కూర్చున్నాడు. పడుగు ఆరేదాకా నిలబడే మనిషికి తొందర ఏముంటుంది? చాలాసేపటికి ఆ చిన్న వేలు దానంతట అదే కొంచెం ఇవతలికి జరిగింది. పాత మెత్తని గుడ్డ పేలికను చుట్టి, ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను నాలుగు వేళ్ళతో లాగి ముడి వేశాడు.

"నీకెట్ల తెలుసు రా ఇదంతా?" అంది తల్లి.

"నాకుంది గదా" అన్నాడు.

పొద్దునా, సాయంత్రమూ అతనే. పడుగు పని ఉన్న రోజు అది ముగించుకుని పరుగులాంటి నడకతో వచ్చేవాడు. పది నెలలకు బిడ్డ కుడి బొటనవేలు సగానికి పైగా బయటికి వచ్చింది. ఎడమది ఇంకా మొండికేసింది. అప్పుడు సరోజ అంది: "సారూ, ఇంతకన్నా నేను కనిపెట్టుకోనుండలేను. నన్ను ఆదోనికి తోడుకోని పోండి. ఉండమంటే ఉంటా, పొమ్మంటే వస్తా. ఏదో ఒకటి తేలిపోనీ."

వెళ్ళాం. తల్లీ, అతనూ కూడా వచ్చారు. నాగరాజు తల్లి వసారాలో జొన్నలు చెరుగుతోంది. మనవరాలిని దగ్గరికి తీసుకుంది. మనవడి వైపు చూసి, చూపు తిప్పుకుంది. నాగరాజు గడప లోపల నిలబడ్డాడు.

"చెయ్యి బాగయిందా సారూ?" అంది ఆమె.

"పూర్తిగా కాలేదమ్మా."

"మరి యాల వచ్చినారు?"

డాక్టరు చెప్పినదంతా చెప్పాను. ఆమె చేట ఆపకుండా వింది. చివరికి, "అంటే మా వంశంది తప్పేం లేదు. తల్లి నుంచే వచ్చింది. నేను జెప్పేది గూడా అదే గదా" అంది.

నిజం చెబితే సరోజకు మేలు జరుగుతుందనుకుని వచ్చాను. ఆ నిజమే ఆమెను ఇంకా దూరం నెట్టేట్టు ఉంది.

"ఇంగొకటి జెప్పండి" అంది ఆమె, ఈసారి చేట కింద పెట్టి. "పెండ్లికి ముందర ఈ సంగతి మీలో ఎవరికన్నా తెలుసునా?"

సరోజ తల్లి నోరు తెరిచింది. తెలీదు అనబోతోందని నాకు అర్థమైంది. నన్ను కాపాడడానికే.

"తెలుసమ్మా" అన్నాను. "ఈమె తమ్ముడూ ఇట్లాగే ఉండేవాడు. మీకు చెప్పాలా అని ఈమె నన్ను అడిగింది. వద్దన్నది నేను. సరోజకు ఏమీ తెలియదు."

నాగరాజు తల్లి నన్ను పై నుంచి కిందిదాకా చూసింది. "సదువుకున్నోళ్ళు" అంది. అంతే. మళ్ళీ చేట అందుకుంది.

బిడ్డ లేచి ఏడ్చాడు. కట్టు కట్టే వేళ అయింది. అతనికి మా మాటలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. వసారా మధ్యలో బాసిపట్లు వేసుకుని కూర్చుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, పాత గుడ్డ విప్పాడు. వేళ్ళు లేపాడు. ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి చేట చప్పుడు ఆగింది.

"అట్ల గుంజితే ఇరుగుతాది అప్పా" అంది ఆమె.

"గుంజల్యా" అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఇంకొంచెం ముందుకు జరిగింది. అతను ఆమె వైపు చూశాడు. బిడ్డ చేతిని ఆమె చేతిలో పెట్టాడు. "పట్టు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఎంత పట్టాల?"

అతను ఆలోచించాడు. అందరం ఎదురుచూశాం. "పోగు పట్టినంత."

"నేనూ మగ్గమింట్ల పుట్టినదాన్నే. పోగెట్ల పట్టాల్నో నాకు జెప్తాండాడు జూడు" అంది. కానీ పట్టు మార్చుకుంది. బిడ్డ ఏడుపు తగ్గి, కుడి చేత్తో ఆమె వేలును చుట్టుకున్నాడు. నాలుగు వేళ్ళూ అటు, బొటనవేలు ఇటు. ఆమె దాన్ని చూస్తూ చాలాసేపు కదల్లేదు.

"దినానికి ఎన్నిసార్లు?"

"పొద్దున. సందకాడ."

"ఎన్ని దినాలు?"

"రేపు" అన్నాడు. ఆమె అతని ముఖంలోకే చూస్తుంటే, కాసేపటికి, "మల్లా రేపు" అన్నాడు.

ఆమె తల తిప్పకుండానే, "సరోజా, లోపలికి పో. పొయ్యి ఎలిగించు" అంది. సరోజ లేచింది. నాగరాజు గడపలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "మీ యన్న గూడా ఈడ్నే ఉండాల. నాకు కట్టేది వచ్చేదాంక. రొట్టె తింటాడో, అన్నమో అడుగు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు తిని పొండి సారూ. మీతో నాకింగ పని లేదు."

అతను అక్కడ ఏడు నెలలు ఉన్నాడు.

ఆ రోజు బస్టాండుకు సరోజ తల్లీ, నేనూ ఇద్దరమే నడిచాం. సాగనంపడానికి నాగరాజు వచ్చాడు. సరోజ అన్న రాలేదు. రెండో చెయ్యి ఇంకా కట్టాల్సి ఉంది.